బుజ్జీ, టర్కీ కోడికి నిప్పులు పైన ఎక్కువ, కింద తక్కువ

నాన్నా బుజ్జీ,

నిన్న ఫోన్‌లో హడావిడిగా చెప్పాను, సగం విషయాలు మిగిలిపోయాయి, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. కొత్త ఇంట్లో మొదటి థాంక్స్‌గివింగ్ పండక్కి పెరట్లో డచ్ ఒవెన్, అదే మూతున్న మందపాటి ఇనుప గిన్నె, పెట్టి బొగ్గుల మీద టర్కీ వండుతానన్నావు చూడు, ఎంత సంతోషమేసిందో. ఇక్కడ డాలస్‌లో మీ పెదనాన్నా నేనూ 14 ఏళ్లుగా అలాగే వండుతున్నాం.

ముందు గిన్నె సంగతి. వంటింట్లో స్టవ్ మీద పెట్టే చదును అడుగు రకం దీనికి పనికిరాదు. మూడు కాళ్లుండి, మూత అంచు పైకి లేచి ఉన్న పోత ఇనుము గిన్నె కావాలి. కాళ్ల వల్ల కింద నిప్పులకు గాలాడుతుంది, అంచు వల్ల మూత మీది నిప్పులు జారిపడవు. 14 అంగుళాలది, అందులోనూ లోతుగా ఉండే 10 క్వార్టులది, అంటే సుమారు తొమ్మిదిన్నర లీటర్లది తీసుకో. ఖాళీదే పాతిక పౌండ్ల పైన బరువుంటుంది కాబట్టి మూతెత్తే కొక్కెం, మోచేతి దాకా వచ్చే తోలు గ్లవ్స్ కూడా అప్పుడే కొనెయ్. దీంట్లో 10, 11 పౌండ్ల పక్షి పడుతుంది, చవగ్గా వచ్చింది కదా అని 16 పౌండ్లది తేకు. రొమ్ముకీ మూతకీ మధ్య ఒక అంగుళమైనా సందుండాలి, లేకపోతే తగిలిన చోట తోలు మాడి మూతకి అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. అమ్మమ్మ దిబ్బరొట్టె ఎలా కాల్చేదో మీ అమ్మ చెప్పే ఉంటుంది. కుంపటి మీద మందపాటి మూకుడు, దాని మీద పళ్లెం, పళ్లెంలో నిప్పులు. కింద సన్నటి సెగ, పైన గట్టి వేడి, అందుకే అడుగు మాడకుండా లోపలంతా ఉడికి పైన ఎర్రగా కాలేది. డచ్ ఒవెన్ పద్ధతీ అదే. మొదటి ఏడాది మాకు ఆ సంగతి తట్టక, అన్నం కుండకి పెట్టినట్టు కిందే ఎక్కువ నిప్పులు పేర్చాం. మూడు గంటలయ్యాక చూస్తే వీపు నల్లగా మాడిపోయింది, తొడ దగ్గర కోస్తే ఇంకా పచ్చిగానే ఉంది. ఇంటి నిండా చుట్టాలు, చిన్నపిల్లలు ఆకలితో ఏడుస్తుంటే రాత్రి తొమ్మిదింటికి పెట్టాను భోజనాలు. ఆ బాధ నువ్వు పడకూడదనే ఇంత వివరంగా చెప్తున్నా.

లెక్క తేలికే. గిన్నె ఎన్ని అంగుళాలుంటే దానికి రెట్టింపు బ్రికెట్లు, అదే అచ్చుపోసిన బొగ్గు బిళ్లలు, అంటే నీకు 28. వాటిలో 10 కింద గుండ్రంగా అంచు వెంట పెట్టు, నడిమధ్యన ఒక్కటి కూడా వద్దు, 18 మూత మీద. దీంతో లోపల 325, 350 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య వేడి నిలుస్తుంది. బొగ్గులు చిమ్నీ స్టార్టర్‌లో, అదే బొగ్గులు రాజేసే రేకు గొట్టంలో, వేసి కింద కాగితం ముట్టించు, ఆ లైటర్ ఫ్లూయిడ్ మాత్రం వద్దు, మాంసానికి వాసన పడుతుంది. పావుగంట, ఇరవై నిమిషాలకి బొగ్గుల మీద తెల్లగా నివురు కమ్ముతుంది, నివురుగప్పిన నిప్పు అంటాం చూడు, సరిగ్గా అలా ఉన్నప్పుడే వాడాలి. గంటకొకసారి, గాలి ఎక్కువగా ఉంటే ఇంకా ముందే, కొత్త నిప్పులు సిద్ధంగా ఉండాలి, అందుకని పక్కన చిమ్నీ ఎప్పుడూ రగులుతూనే ఉండనీ. పావుగంటకోసారి గిన్నెని పావువంతు ఒకవైపు, మూతని పావువంతు రెండోవైపు తిప్పితే ఒకే చోట మాడదు. ఊరికే మూత తీసి చూడకు నాన్నా, తీసినప్పుడల్లా వేడంతా పోతుంది.

పండగ గురువారం కదా, పక్షిని సోమవారం పొద్దున్నే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చు, నాలుగైదు పౌండ్లకి ఒక రోజు పడుతుంది కరగడానికి. కడగకు, సింకంతా క్రిములవుతాయి. లోపల మెడ, కార్జం పొట్లం కట్టి పెడతారు, అది మర్చిపోకుండా తియ్యి. బుధవారం రాత్రి ఉప్పు పట్టించి మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచు, కానీ కవరు మీద ఉప్పునీళ్లు ఎక్కించామని రాసుంటే ఉప్పు బాగా తగ్గించు. వెన్న, అల్లంవెల్లుల్లి, కారం, మిరియాలు కలిపి తోలు కింద వేళ్లతో నెమ్మదిగా జరుపుతూ పూయి. తోలు మీద కారం పూస్తే పైవేడికి మాడి చేదెక్కుతుంది. అడుగున జల్లెడలాంటి స్టాండో, లావుగా తరిగిన ఉల్లి, క్యారెట్ ముక్కలో వేసి దాని మీద పక్షిని కూర్చోబెట్టు.

సుమారు మూడు గంటలు పడుతుంది, చలికి ఇంకాస్త. గడియారాన్ని నమ్మకు, రంగుని అసలే నమ్మకు. థర్మామీటరు తొడ లోపలి మందమైన చోట, ఎముకకి తగలకుండా గుచ్చితే 165 చూపించాలి, రొమ్ములోనూ అంతే. చివరి అరగంట కింద నిప్పులు సగం తీసి పైకి చేర్చి, మూతని సన్నటి పుల్ల అడ్డం పెట్టి కొంచెం తెరిచి ఉంచు, ఆవిరి పోయి తోలు ఎర్రబడుతుంది. ఇంట్లో ఒవెన్‌లో వచ్చినంత కరకరలాడదు, మాంసం మాత్రం వేలితో తాకితే విడిపోతుంది. తీశాక అరగంట ఆగి కొయ్యి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, వాన పడినా సరే గ్యారేజ్‌లోకి మాత్రం తీసుకెళ్లకు, తలుపు తెరిచినా వద్దు, బొగ్గుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది. బూడిదలో మర్నాటికి కూడా నిప్పుంటుంది, చెత్తడబ్బాలో పొయ్యకు. గిన్నె వేడిగా ఉండగా చన్నీళ్లు పోస్తే పగులుతుంది, చల్లారాక గోరువెచ్చని నీళ్లతో తోమి, ఆరబెట్టి, పల్చగా నూనె రాసి పెట్టు.

బుధవారం రాత్రి ఉప్పు పట్టించాక ఫొటో పంపు, గురువారం పొద్దున్నుంచి నా ఫోన్ పక్కనే ఉంటుంది.

నీ పెద్దమ్మ