కార్తీక్‌కి, ఆ నాలుగు ఆటల గురించి

డాలస్,
ఆగస్టు 11, 2024

ఒరేయ్ కార్తీక్,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు వాక్-ఆన్‌గా, అంటే స్కాలర్‌షిప్ లేకుండా, కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో చోటు దొరికిందనీ, మొదటి ఏడాది రెడ్‌షర్ట్ చేద్దామని కోచ్ అన్నాడనీ చెప్పింది. నిద్రపోతున్న అత్తయ్యని లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత ఇద్దరికీ నిద్ర పట్టలేదు. మన ఇంట్లో పెద్దవాళ్లెవరూ కబడ్డీ కూడా స్కూల్ దాటి ఆడలేదురా. ఎంత గర్వంగా ఉందో అంత భయంగానూ ఉంది. ఇంగ్లీషులో రాద్దామంటే ఈ మాటలు నాకు రావు. నువ్వు కూడబలుక్కుని చదువు. అర్థం కానిచోట అమ్మని అడుగు.

ముందు మామూలు విషయాలు. ఫుల్‌టైమ్‌గా కాలేజీలో చేరిన రోజే నీ ఐదేళ్ల క్లాక్ మొదలవుతుంది. ఆ ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడొచ్చు. రెడ్‌షర్ట్ అంటే అందులో ఒక సీజన్ దాచుకోవడం. ప్రాక్టీస్‌కి రోజూ వెళ్తావు, శనివారం మాత్రం ఆడవు. 2018 నుంచి నాలుగు ఆటల దాకా ఆడినా ఆ సీజన్ నీ దగ్గరే ఉంటుంది. ఐదో ఆటలో ఒక్క ప్లేకి, అంటే బంతి కదిలి ఆగే ఆ కొద్ది క్షణాలకి, దిగావా, పోయినట్టే. దీన్ని ఎవరో సిగ్గుపడాల్సిన విషయంలా చూస్తే పట్టించుకోకు. 1937లో నెబ్రాస్కాలో వారెన్ ఆల్ఫ్‌సన్ అనే కుర్రాడు ఏడాది ఆగి నేర్చుకుంటానని తనే అడిగాడట. ప్రాక్టీస్‌లో నంబరు లేని ఎర్ర చొక్కా వేసుకునేవాడు. ఆ పేరు అలా వచ్చిందంటారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

2016 నవంబరు. నీకు పదేళ్లు. ఆ రోజు నువ్వు స్టేడియంలో నా పక్కనే, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నావు. తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చి నెలయింది. సందీప్ బావ అప్పుడు నీలాగే వాక్-ఆన్, మొదటి ఏడాది. అప్పటి రూలు ఇంకా కఠినం. సీజన్ మొత్తంలో ఒక్క ప్లే ఆడినా ఆ ఏడాది ఖర్చయిపోయేది. వాడు పదకొండు ఆటలు సైడ్‌లైన్ మీద నిలబడ్డాడు. ఇక మిగిలింది ఆఖరి ఆట.

ముందు రోజు రాత్రి నేనే వాడికి ఫోన్ చేశాను. "నాయనమ్మ ఇంత దూరం వచ్చింది. మళ్లీ వస్తుందో రాదో. కోచ్‌ని ఒక్కసారి అడుగు" అన్నాను. "ఆడితే ఇయర్ పోతుంది నాన్నా" అన్నాడు. "ఒక్క ఆటకేం పోతుంది! ఏడాదంతా ఊరికే నిలబెట్టారు, ఆ మాత్రం చేయరా?" అని గద్దించాను. వాడు ఇంకేం మాట్లాడలేదు. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని నేర్పింది మేమే.

నాలుగో క్వార్టర్‌లో మనవాళ్లు ముప్ఫై పాయింట్లకు పైగా ముందున్నారు. కిక్‌ఆఫ్‌కి వాడు పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్లాడు. అమ్మమ్మకి చూపించాలని నేను లేచి వేలు చాపాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకునేలోపే బంతి ఎండ్ జోన్ దాటి బయటికి పోయింది. టచ్‌బ్యాక్, అంటే ఆ ప్లే అక్కడితో అయిపోయింది. వాడు నలభై గజాలు పరుగెత్తి, ఎవరినీ తాకకుండానే వెనక్కి వచ్చేశాడు. "ఏడీ, మనవాడేడీ?" అని అమ్మమ్మ అడుగుతూనే ఉంది.

2019లో వాడు ఆట మొదట్లోనే దిగే స్టార్టర్ అయ్యాడు. ఆ సీజన్‌తో నాలుగూ అయిపోయాయి. వాడితో పాటే చేరి, మొదటి ఏడాది దాచుకున్న కుర్రాళ్లకి 2020 మిగిలింది. కోవిడ్ వల్ల, కాలేజీ ఆటల రూళ్లు పెట్టే ఎన్‌సీఏఏ ఆ సీజన్‌ని ఎవరి లెక్కలోనూ వేయలేదు కాబట్టి వాళ్లకి 2021 కూడా దక్కింది. వాళ్లలో ఒకడు స్కాలర్‌షిప్ మీద మాస్టర్స్ చేశాడు. బావ అప్పు చేసి చదివాడు. నన్ను ఒక్క మాట అనలేదు. 2021 సెప్టెంబరులో ఒక శనివారం వాళ్ల ఆట టీవీలో చూస్తూ, సెకండ్ హాఫ్ మొదలవకముందే లేచి వెళ్లి లాన్ కోయడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి చూశాను. కోసిన చోటే మళ్లీ కోస్తున్నాడు.

అందుకే చెప్తున్నాను. మా ఎవరి కోసమూ ఫీల్డ్‌లోకి దిగకు. నేను అడిగినా సరే, అమ్మ ఏడ్చినా సరే. ఆడిన ప్రతి ఆట తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసుకో, నెలకోసారి, రూళ్ల సంగతి చూసే కంప్లయన్స్ ఆఫీసుకి వెళ్లి వాళ్ల లెక్కతో సరిచూసుకో. నాలుగూ సెప్టెంబరులోనే వాడేయకు. నవంబరుకి దెబ్బలు తగిలి ఖాళీలు వస్తాయి, నిజంగా ఆడే అవకాశం అప్పుడే దొరుకుతుంది.

ఇక మోకాలు. నా భయమంతా దాని మీదే. నొప్పిగా ఉంటే ఆ రోజే ట్రైనింగ్ రూమ్‌కి వెళ్లు, ఆ రోజే డాక్టర్ చేత రాయించుకో. ఓర్చుకోవడం గొప్ప అనుకోకు. దెబ్బ సీజన్ మొదటి సగంలో తగిలి, ఆడినవి 12 ఆటల్లో నాలుగుకి మించకపోతేనే మెడికల్ హార్డ్‌షిప్, అంటే దెబ్బ వల్ల పోయిన సీజన్ తిరిగి ఇమ్మని, అడగొచ్చు. దానికి అప్పటికప్పుడు రాసిన కాగితాలు కావాలి. పైగా అది సీజన్ తిరిగి ఇస్తుందే గానీ ఐదేళ్ల క్లాక్‌ని ఆపదు.

చదువు సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఫాల్ సెమిస్టర్‌లో కనీసం 9 క్రెడిట్లు పాసవకపోతే వచ్చే ఏడాది మొదటి నాలుగు ఆటలు కూర్చోబెడతారని మాత్రం గుర్తుంచుకో.

ఇంకొకటి, ఇది కోచ్‌ని మొహమాటం లేకుండా అడగాలి. వచ్చే ఏడాది నుంచి టీమ్‌లో 105 మందికి మించకూడదనే పరిమితి వస్తుందంటున్నారు, కోర్టు ఒప్పుకోవాలి. వస్తే ముందు తీసేసేది వాక్-ఆన్‌లనే. ఈ ఏడాది దాచుకున్న సీజన్ వాడుకోవడానికి వచ్చే ఏడాది చోటు ఉంటుందా అని అడుగు. ఏం చెప్పాడో నాకు ఫోన్ చేసి చెప్పు, ఎంత రాత్రయినా సరే.

తిండి సరిగ్గా తిను. అత్తయ్య సున్నుండలు చేస్తోంది, అక్టోబరులో వచ్చినప్పుడు తెస్తాం. అమ్మమ్మ ఈసారి రాలేదు, ఫోన్‌లో చూస్తానంటోంది. నువ్వు ఆడవని ఆవిడకి ముందే చెప్పేశాను. వార్మప్‌కి వచ్చినప్పుడు మా వైపు తిరిగి చెయ్యి ఊపు. ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉంటాను, ఆవిడ కళ్లజోడు ముందే తుడిపించి.

మామయ్య