‘లైఫ్‌టైమ్’ లైసెన్సు ఆగిపోయింది: ముందు తేదీ చూసుకోండి

ప్రశ్న: మాది తెనాలి. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తూ ఇల్లు నడుపుకుంటున్నాను. 2022 మార్చిలో భార్య గొలుసు కుదువబెట్టి, ఒక డీలర్ దగ్గర రూ. 42,480 పెట్టి సాఫ్ట్‌వేర్ కొన్నాను. బిల్లు మీద ‘లైఫ్‌టైమ్ లైసెన్సు’ అని ఉంది. పాత లైసెన్సులు ఆపేస్తున్నామని, ఇక ఏటా చందా కట్టాలని 2023 అక్టోబరు 14న కంపెనీ మెయిల్ పెట్టింది. డిసెంబరు 1 నుంచి అది తెరుచుకోవడం లేదు. పాత ఆల్బమ్‌ల ఫైళ్లూ అందులోనే ఇరుక్కుపోయాయి. ఎన్ని మెయిళ్లు పెట్టినా ‘పరిశీలిస్తున్నాం’ అంటున్నారు. విసిగిపోయి మొన్న కంప్యూటర్ ఫార్మాట్ చేయించాను. స్నేహితుడు క్రాక్ (లైసెన్సు లేకున్నా నడిచేలా తాళం తీసిన దొంగ ప్రతి) వేసిస్తానంటున్నాడు. డబ్బిచ్చి కొన్నది నాదే కదా, తప్పేముంది?
– ఒక పాఠకుడు (2025 సెప్టెంబరు 18)

జవాబు: మీరు అడిగింది సాఫ్ట్‌వేర్ ఎవరిదని. మీ కేసు నిలిచేదీ పోయేదీ తేదీ మీద. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (కేసు వేయడానికి దారితీసిన సంఘటన) పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లలో వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు దాఖలు కావాలి. సాఫ్ట్‌వేర్ ఆగిన డిసెంబరు 1 నుంచి లెక్కించాలని మీరు అనవచ్చు. మెయిల్ అందిన అక్టోబరు 14నే గడువు మొదలైందని అవతలి లాయరు అంటాడు. ఆ వాదనకు చోటే ఇవ్వకండి. 2025 అక్టోబరు 13 లోపు దాఖలు చేయండి. మీరు మెయిళ్లు పెడుతూ ఉన్నందువల్ల గడువు పెరగదు, 1915 అనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా ఆగదు. లీగల్ నోటీసు తప్పనిసరి కాదు. ఇస్తే 7 రోజుల గడువుతో ఈ వారమే ఇవ్వండి. గడువు దాటితే ఆలస్యానికి బలమైన కారణం చూపాలి. ‘జవాబు కోసం ఎదురుచూశాను’ అంటే సాధారణంగా చాలదు.

కంప్యూటర్ ఫార్మాట్ చేయించడం మీ చేతులారా చేసుకున్న నష్టం. తెర మీద వచ్చిన సందేశం, యాక్టివేషన్ వివరాలు, లోపలి లాగ్‌లు అన్నీ పోయాయి. మిగిలినవైనా కాపాడుకోండి. కంపెనీ మెయిళ్లను ఇన్‌బాక్సులోనే ఉంచి, హెడర్లతో (మెయిల్ ఎక్కడి నుంచి, ఎప్పుడు వచ్చిందో చూపే వివరాలతో) సహా ఫైలుగా దించుకోండి. డీలర్ నుంచి జీఎస్టీ బిల్లు నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. 2022లో కంపెనీ అమ్మకపు పేజీలో ఏం రాసిందో పాత వెబ్ పేజీల ప్రతులు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుందేమో వెతకండి. ప్రింట్లు మాత్రమే ఇస్తే సాక్ష్యంగా చాలవు. భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి: ‘ఎ’ భాగం మీరు, ‘బి’ భాగం నిపుణుడు నింపి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంకేతం) రాయాలి.

ఇక హక్కు సంగతి. ప్రోగ్రాం మీద కాపీరైట్ మీది కాదు, ఎప్పుడూ కాలేదు. మీరు కొన్నది ఒక ప్రతి, దాన్ని వాడుకునే హక్కు. డబ్బాలో అమ్మే సాఫ్ట్‌వేర్ ‘సరుకే’ అని 2004లో టాటా కన్సల్టెన్సీ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పింది. అది అమ్మకపు పన్ను కేసు, కాబట్టి ఊతంగా చూపండి గానీ దాని మీదే నిలబడకండి. మీ అసలు బలం బిల్లు మీది ‘లైఫ్‌టైమ్’ అనే మాట.

‘కంపెనీ ఎప్పుడైనా ఆపవచ్చు’ అనే షరతు అన్యాయ ఒప్పందమని ప్రకటించమని అడిగారో, కేసు రాష్ట్ర కమిషన్‌కు పోతుంది. అందుకే జిల్లా కమిషన్లో సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని మాత్రమే రాయండి. మీరు చెల్లించింది రూ. 5 లక్షల లోపు గనుక ఫీజు లేదు. మీరుండే చోటే, అంటే గుంటూరు కమిషన్లో, ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు తీసుకునే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయవచ్చు. డీలర్నీ, కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (తగాదాను మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్నది) ఉన్నా కమిషన్‌కు వెళ్లే దారి మూసుకుపోదు.

ఒక వాక్యం మాత్రం మరవకండి: ‘స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్నాను’. ఇది రాయకపోతే, వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారు వినియోగదారులు కారంటూ ఫిర్యాదును కొట్టేయించడానికి చూస్తారు. ఒకరిద్దరు సహాయకులున్నా వినియోగదారుడిగానే ఉంటారని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

క్రాక్ జోలికి వెళ్లకండి. దొంగ ప్రతి అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ. 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపార లాభానికి వాడని వారికి జైలు తప్పించే వెసులుబాటుంది. ఆల్బమ్‌లు చేసి డబ్బు తీసుకునే మీకు అది వర్తించదు. పైగా ఆ ఒక్క పనితో బాధితుడు కాస్తా ముద్దాయి అవుతాడు. చందా కట్టక తప్పకపోతే, కొత్త షరతులకు ‘అంగీకరిస్తున్నాను’ నొక్కే ముందే ‘హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో కడుతున్నాను’ అని మెయిల్ పంపండి. ఆ రసీదునూ నష్టం కింద చూపవచ్చు.

పాత ఆల్బమ్‌ల కోసం తీర్పు దాకా ఆగనక్కర్లేదు. ఫార్మాట్‌లో పోకుండా ఆ ఫైళ్ల ప్రతులు మీ దగ్గరుంటే, అవి తెరుచుకునేలా తాత్కాలిక కీ ఇప్పించమని, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర దరఖాస్తును ఫిర్యాదుతో పాటే వేయండి. ఏ కస్టమర్ ఆల్బమ్ ఏ ఫైల్లో ఆగిందో, ఎప్పటికి ఇవ్వాల్సిందో రాసి దానికి జతచేయండి.