అమెరికాలో చెకింగ్ అకౌంట్‌కి ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు పడకుండా ఏం చేయాలి?

ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో ఈ ఫీజు (అకౌంట్లో ఉన్నదానికంటే ఎక్కువ వాడితే బ్యాంక్ వేసేది) నాకూ పడిందండీ, అకౌంట్లో 9 డాలర్లుంటే చూసుకోకుండా 14 డాలర్ల బిర్యానీకి కార్డ్ గీకేశా, తెల్లారి చూస్తే ఇంకో 35 డాలర్లు కట్!

ముందు బ్యాంక్ యాప్‌లోకెళ్లి డెబిట్ కార్డ్ ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజ్ (డబ్బు చాలకపోయినా బ్యాంక్ కట్టేసి ఫీజు వేసే సదుపాయం) ఆఫ్ చేసేయండి. మనం ఒప్పుకోకుండా ఏటీఎంకి, మామూలు డెబిట్ కార్డ్ కొనుగోళ్లకి ఈ ఫీజు వేయకూడదని 2010 నుంచీ రూల్ ఉంది, కానీ అకౌంట్ తెరిచేటప్పుడు చదవకుండా టిక్ పెట్టేస్తాం కదా. ఆఫ్ చేస్తే కార్డ్ డిక్లైన్ అవుతుంది అంతే, కౌంటర్ దగ్గర కాస్త సిగ్గేస్తుంది, పర్లేదు.

అసలు దెబ్బ చెక్కులు, అకౌంట్ నంబర్‌తో పెట్టిన ఆటోపేల దగ్గర, వాటికి ఆ రూల్ వర్తించదు. అందుకే రెంట్, కరెంట్ బిల్లు డేట్లు జీతం పడ్డాక రెండ్రోజులకి మార్చుకోండి, బ్యాలెన్స్ 100 కిందికి వస్తే మెసేజ్ వచ్చేలా అలర్ట్ పెట్టుకోండి, తక్కువైతే అందులోంచి డబ్బు వచ్చేలా సేవింగ్స్ అకౌంట్ లింక్ చేస్తే ఇంకా మంచిది. ఇదంతా తలనొప్పి అనుకుంటే క్యాపిటల్ వన్, సిటీ లాంటి బ్యాంకులు 2022లోనే ఈ ఫీజు ఎత్తేశాయి, అటు మారిపోవచ్చు.

ఇప్పటికే పడిపోయిందా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మర్యాదగా అడగండి, నాకైతే మొదటిసారి అని వెనక్కిచ్చేశారు.