ట్యాంకులకు అడ్వాన్సు ఇచ్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య దీవించి వ్రాయునది.

నీవు పెట్టబోయే బ్రూవరీకి, అంటే బీరు తయారీశాలకు, పంపిన పటాలు మూడు రోజులుగా నా బల్లమీదే ఉన్నాయి. ఉష్ణోగ్రతలో, సమయంలో జరిగిన పొరపాటును తరువాతి విడతలో దిద్దుకోవచ్చు గాని, పాత్ర ఆకారంలోని దోషం ప్రతి విడత బీరులోనూ తిరిగి వస్తుంది. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే వ్రాస్తున్నాను.

వోర్టును, అంటే మొలకగింజల నుండి తీసిన తీపి రసాన్ని, మరిగించే కెటిల్ గురించి ఒక్కటే మాట. ఉడికిన మొక్కజొన్న వాసననిచ్చే డైమిథైల్ సల్ఫైడ్ ఆవిరితో పాటు బయటికి పోవాలి. నీ పటంలో ఆవిరి గొట్టం నిటారుగా ఉన్నది కనుక, దాని గోడలపై చల్లబడిన చుక్కలు మళ్ళీ వోర్టులోనే పడతాయి. గొట్టం మొదట్లో ఆ నీటిని పట్టి బయటికి పంపే గాడి పెట్టించు.

నన్ను నిజంగా కలవరపెట్టినది ఫెర్మెంటర్, ఈస్ట్‌తో వోర్టు పులిసి బీరయ్యే ట్యాంకు. ఎత్తు తగ్గించడం కోసం కాబోలు, దాని అడుగునుండే గరాటు వంటి కోన్ కోణాన్ని 90 డిగ్రీలు చేశారు. 60 నుండి 70 డిగ్రీల మధ్య ఉంటేనే ఈస్ట్ గోడవెంట జారి అడుగుకు చేరుతుంది. లేకపోతే వాల్వు తెరిచినప్పుడు ఈస్ట్ గోడలకే అంటుకొని ఉండిపోయి, మధ్యలో గుంట పడి, మంచి బీరు బయటికి వస్తుంది. పైగా థర్మామీటరు ఒక్కటే, అదీ ట్యాంకు పైభాగంలో. కోన్‌ను చుట్టి చల్లబరిచే జాకెట్టే లేదు.

ఇటువంటి ట్యాంకుతోనే నేనొకసారి దెబ్బతిన్నాను. బీరు సుమారు 3 డిగ్రీల వద్ద అత్యధిక సాంద్రతతో ఉంటుంది. అంతకంటే చల్లబడితే తేలికై పైకి పోతుంది, కాస్త వెచ్చనిది అడుగున నిలుస్తుంది. పైనున్న థర్మామీటరు 1 డిగ్రీ చూపిస్తూ ఉంటే నేను నిశ్చింతగా ఉన్నాను. అడుగున ముద్దగా చేరిన ఈస్ట్ తన వేడిని తానే పట్టి ఉంచుకొని చచ్చిపోతుందన్న సంగతి, పదోనాడు వాల్వు తిప్పి, మాంసం ఉడికించిన నీళ్ళ వాసన వేసే గోధుమరంగు చిక్కటి ముద్దను గ్లాసులో పట్టినప్పుడు గాని తెలిసిరాలేదు. ఆ విడతంతా పారబోశాను. కనుక కోన్‌కు విడిగా జాకెట్, పైన ఒకటి, క్రింద ఒకటి థర్మామీటర్లు తప్పనిసరి.

ట్యాంకు పొడవుగా ఉంటే మేలని ఎవరో అన్నారని వ్రాశావు. 10 మీటర్ల బీరు అడుగున దాదాపు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెంచుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఈస్ట్‌ను అణచడంతో పండ్ల పరిమళాలు తగ్గుతాయి. చల్లగా పులియబెట్టే లాగర్ బీరుకు అది ఇబ్బంది కాదు, నీవు చేయదలచిన గోధుమ బీరుకు మాత్రం నష్టమే.

ఇక శుభ్రత. మ్యాన్‌హోల్ మెడ లోపలివైపు ట్యాంకు లోపల నీరు చిమ్మి కడిగే స్ప్రేబాల్ నీరు తగలని చోటు ఉంటుంది. ప్రవాహం లేని కొస గొట్టం పొడవు దాని వ్యాసానికి రెండింతలకు మించితే అందులో బీరు నిలిచి పులుస్తుంది. లోపల ఒత్తిడి పడిపోతే బయటి గాలిని రానిచ్చే వాక్యూమ్ వాల్వు పటంలో నాకు కనబడలేదు. కార్బన్ డయాక్సైడ్ నిండిన ట్యాంకులో కడగడానికి కాస్టిక్ సోడా నీళ్ళు కొడితే అది గ్యాసును పీల్చేసుకొంటుంది, స్టీలు గోడలు లోపలికి నలిగిపోతాయి. ఆ వాల్వు ఎక్కడ అమరుస్తారో గుర్తించిన కొత్త పటం తెప్పించి, నాకొక ప్రతి పంపు.

ఇట్లు,
మీ మామయ్య