కొత్త బ్లోయర్ మోటారులో మిగిలిన తీగలు

ప్రశ్న: ఒహాయోలో మేము కొన్న పాత ఇంటిని వేడిచేసే ఫర్నేస్‌లో గాలిని తోసే బ్లోయర్ మోటారు కాలిపోయింది. కొత్త మోటారుకు తీగలు ఎక్కువగా ఉన్నాయి. మిగిలినవాటిని కలిపి చుట్టేయవచ్చునా?

జవాబు: అలా ఎంతమాత్రం చేయకండి, అమ్మా. నలుపు, నీలం, ఎరుపు తీగలు సాధారణంగా ఎక్కువ, మధ్యస్థ, తక్కువ వేగాలకు చెందినవి. అవి మోటారు లోపలి తీగచుట్ట అయిన ఒకే వైండింగ్‌లో వేర్వేరు చోట్ల నుంచి బయటికి తీసినవి కాబట్టి, ఏ రెండింటిని కలిపినా మధ్య భాగం షార్టై మోటారు కాలిపోతుంది. వాడని ప్రతి తీగ కొసకూ విడివిడిగా వైర్ నట్ (తీగ కొసను మూసే ప్లాస్టిక్ టోపీ) బిగించాలి. గోధుమరంగు తీగల జంట సాధారణంగా, మోటారు తిరగడానికి తోడ్పడే కెపాసిటర్‌కు వెళ్తుంది. పాత కెపాసిటర్‌తో సరిపెట్టుకోకుండా, మోటారు లేబుల్‌పై ఉన్న మైక్రోఫారడ్ల (కెపాసిటర్ సామర్థ్యపు కొలత) విలువ గలదే కొనండి. రంగులు కంపెనీని బట్టి మారతాయి గనుక లేబుల్ మీద తీగలు ఎలా కలపాలో చూపే బొమ్మనే అనుసరించండి. ముందుగా బ్రేకర్ ఆపి, 120 వోల్టుల సరఫరా నిజంగా ఆగిందో లేదో టెస్టర్‌తో చూసుకోండి. బిగించాక ఫ్యాన్ తిరుగుతున్నా గాలి పలచగా వస్తుంటే, అది ఎదురు దిశలో తిరుగుతున్నట్లు అనుమానించండి.