కుడికాలి పక్కన కొలిమి

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. పాత మాజ్దా మియాటా కారు, 1992 మోడల్ కొన్నాను. ఏసీ వేసినా గేర్ రాడ్ దగ్గర సెగ కొట్టి కుడికాలు మాడిపోతోంది. వేడిని ఆపే మ్యాట్ పరిస్తే సరిపోతుందా?

జవాబు: మ్యాట్‌కి అప్పుడే డబ్బులు పోయకండి. మీది తేలికపాటి బండి, వేడిని ఆపే మెత్తలూ లోపల అంతంతమాత్రమే. సీట్ల మధ్య సొరంగం కిందే గేర్‌బాక్సూ ఎగ్జాస్ట్ గొట్టమూ ఉంటాయి. ముందు గేర్ నాబ్ తిప్పి తీసి, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్సోల్ ఎత్తి చూడండి. అక్కడ ఒకదాని కింద ఒకటి రెండు రబ్బరు బూట్లు, అంటే గేర్ రాడ్ చుట్టూ ఉండే తొడుగులు, ఉంటాయి. నా బండిలో కిందది వేలు పెట్టగానే ఎండిన చింతతొక్కలా పెళుసుగా విరిగి చేతికొచ్చింది. వేడిగాలీ, గేర్ ఆయిల్ వాసనా ఆ కంతలోంచే! రెండూ మార్చాక నా కాలు బతికింది. పనిలో పనిగా గేర్ రాడ్ కుదురులో ఆయిల్ ఎండిపోయిందేమో చూడండి.

ఇంకోటి, ఈ కారులో హీటర్ ఆపినా ఇంజిన్ వేడినీళ్లు హీటర్ కోర్‌లో (డ్యాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్) తిరుగుతూనే ఉంటాయి. వేసవికి ఆ నీళ్లను కోర్‌లోకి పోనీకుండా పక్కనుంచి మళ్లించే బైపాస్ వాల్వ్ పెట్టించండి. హీటర్ గొట్టం ఊరికే బిగించి మూసేస్తే మాత్రం నీళ్ల ప్రవాహం దెబ్బతింటుంది.

ఆ తర్వాతే మ్యాట్. నల్లటి బ్యూటైల్ రబ్బరు షీటు మోత తగ్గిస్తుందే గానీ వేడిని పెద్దగా ఆపదు, దానిమీద ఫోమ్ పరవాల్సిందే.