ఎలక్ట్రిక్ కారుకు క్యారవాన్ (వెనకాల లాక్కెళ్లే చక్రాల ఇల్లు) తగిలిస్తే రేంజ్, అంటే ఒక్క ఫుల్ చార్జింగ్‌తో వెళ్లే దూరం, ఎంత తగ్గుతుంది?

హైవే మీద దాదాపు సగానికి పడిపోతుంది. అసలు కారణం గాలి. రెండున్నర మీటర్ల ఎత్తున్న పెట్టె వెనకాల ఉంటే కరెంటులో పెద్ద వాటా గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది.

యూరప్‌లో 1,600 కిలోల వరకు లాగే అనుమతి ఉన్న టెస్లా మోడల్ వై లాంగ్ రేంజ్‌నే చూడండి. బ్యాటరీ సుమారు 75 యూనిట్లు. మామూలుగా 100 కిలోమీటర్లకు 18 యూనిట్లు తాగే బండి, క్యారవాన్‌తో 36 తాగిందనుకుంటే ఫుల్ చార్జింగ్‌కు వచ్చేది సుమారు 208 కిలోమీటర్లే. బ్యాటరీని 80 నుంచి 10 శాతం దాకా వాడుకుంటే 145. పైగా చాలా చార్జింగ్ స్టేషన్లలో క్యారవాన్ విప్పి పక్కన పెట్టాల్సిందే, అదో తలనొప్పి.

సామాన్లు తగ్గిస్తే రేంజ్ బాగా పెరుగుతుందనేది చాలామంది అపోహ. బరువు ప్రభావం ఘాట్ ఎక్కేటప్పుడే గట్టిగా తెలుస్తుంది. దిగేటప్పుడు రీజెన్ బ్రేకింగ్‌తో, అంటే బ్రేక్ వేసినప్పుడు మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపడంతో, కొంత తిరిగొస్తుంది. చదును రోడ్డు మీద వేగం 90 నుంచి 80కి దించితే గాలి నిరోధం ఐదో వంతు తగ్గుతుంది.